చెప్పి తీసే చెయ్యి

ముప్పై మూడు దగ్గర ఆగిపోయింది. ఇంకో రెండు గీతలు పైకి రావాలి. ఆమె థర్మామీటరును మళ్ళీ నీళ్ళలోకి వదిలి, దాని తాడును మెట్ల పక్కనున్న ఇనప కడ్డీకి రెండు చుట్లు చుట్టింది. బాయిలర్ గదిలోకి వెళ్ళి చక్రాన్ని ఇంకొంచెం తిప్పింది. గొట్టాల్లో ఎవరో గొణిగినట్టు చప్పుడైంది.

"గొణుక్కో. ఏడింటికల్లా ముప్పై అయిదు చూపించకపోతే అప్పుడు చెప్తా నీ సంగతి," అంది బాయిలర్‌తో.

ఆ బాయిలర్‌కీ ఆమెకీ ఇరవై ఆరేళ్ళ సావాసం. ఇద్దరిలో ముందు ఎవరు మొరాయిస్తారా అని ఆఫీసులో వాళ్ళు వేళాకోళమాడుతుంటారు. బాయిలర్‌కి ఏటేటా మరమ్మతులు చేయిస్తున్నారు కాబట్టి అదే గెలుస్తుందని ఆమె వాదన.

గోడకి అవతల పెద్ద కొలనుంది. పోటీలు, పతకాలు, ఈలలు అన్నీ అక్కడే. ఇవతల చిన్న కొలను. పొడవు పది అడుగులేస్తే అయిపోతుంది, లోతు ఆమె ఛాతీదాకా. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, పక్షవాతం వచ్చి తేరుకుంటున్నవాళ్ళు, నీళ్ళంటే హడలిపోయేవాళ్ళు ఇక్కడికి వస్తారు. ఆమె ఉద్యోగానికి కాగితాల మీద 'సహాయకురాలు' అని పేరు. పొద్దున్నే నీళ్ళు వేడిచెయ్యడం, సన్నటి గాజుగొట్టంలో కాసిని నీళ్ళు పట్టి మందుచుక్కలు వేసి రంగు చూడటం, పలకల అంచున పట్టిన జిడ్డును బ్రష్షుతో తోమడం, తువ్వాళ్ళు ఉతికి ఆరెయ్యడం, వచ్చినవాళ్ళను నీళ్ళలో పట్టుకోవడం. పొట్టి మనిషి, కాస్త వెడల్పు. రబ్బరు టోపీ కింద జుట్టు సగానికి పైగా నెరిసింది. రోజంతా నీళ్ళలో నాని అరికాళ్ళు ముడతలు పడి ఉంటాయి. కుడి అరచేతిలో వరసగా నాలుగు పాత మచ్చలు, గోళ్ళు దిగబడిన చోట.

అందరూ ఆమెను గోరువెచ్చమ్మ అంటారు. మొదట వెనకాల నవ్వుకుంటూ అన్నారు. ఆమె విని పలికేసరికి నవ్వడం మానేసి అదే పేరు ఖాయం చేశారు. నీళ్ళు ఒంటి వేడికి సరిసమానంగా ఉండాలని ఆమె పట్టు. చల్లగా ఉంటే ఒళ్ళు ముడుచుకుపోతుంది, వేడెక్కితే తూగుతుంది. ముప్పై అయిదు దగ్గర కాసేపు కదలకుండా ఉంటే, చర్మం ఎక్కడ అయిపోయిందో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలియదు. ఆమె పనంతా ఆ తెలియకపోవడంతోనే.

తువ్వాళ్ళ గంప ఎత్తుకుని నాలుగు మెట్లెక్కేసరికి ఎడమ భుజంలో లాగింది. ఆగింది. ఇంకో రెండు మెట్లెక్కి మళ్ళీ ఆగింది. గంపను గోడకి ఆనించి, ఊపిరి దానంతటది కుదురుకునేదాకా నిలబడి, తర్వాత ఏమీ జరగనట్టే పైకి వెళ్ళింది.

పెద్ద కొలను కోచ్ అప్పుడే వచ్చాడు. నలభై దాటిన మనిషి. మెడలో ఈల, చేతిలో టీ కప్పు.

"ఏం గోరువెచ్చమ్మా, మీ డ్రైవరుగారు ఇవాళైనా కడ్డీ వదులుతాడా? పెళ్ళిలో కూడా అంత గట్టిగా చెయ్యి పట్టుకుని ఉండడు."

"ఎవరివల్ల పట్టుకున్నాడో నేను చెప్పనా, మీరు చెప్తారా?"

కోచ్ టీతో పాటు నీళ్ళు కూడా నమిలాడు.

సంగతేమిటంటే, కిందటి మంగళవారం ఆమె సెలవు పెట్టి డాక్టరు దగ్గరకి వెళ్ళింది. ఆ పూట డ్రైవరును కోచ్ చూసుకున్నాడు. ఈత నేర్పేవాళ్ళందరికీ అలవాటైన చిట్కా ఒకటుంది. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి, వీపు కింద చెయ్యి పెట్టి, "పట్టుకున్నాను, పట్టుకున్నాను" అంటూనే చెయ్యి మెల్లగా లాగేస్తారు. పదిమందిలో తొమ్మిదిమంది తమకు తెలియకుండానే తేలిపోతారు, తర్వాత తెలిసి నవ్వుతారు. డ్రైవరు నవ్వలేదు. మునిగి, నీళ్ళు మింగి, కోచ్ బనీను చింపి, గట్టెక్కి బట్టలు కూడా సరిగ్గా కట్టుకోకుండా వెళ్ళిపోయాడు. ఆమె మూడుసార్లు ఫోన్ చేస్తే గానీ మళ్ళీ రాలేదు. వచ్చి, "శుక్రవారం ఒక్కటే అమ్మా. ఆ తర్వాత నన్ను వదిలెయ్యండి," అన్నాడు.

ఇవాళే శుక్రవారం.

పధ్నాలుగు నెలల క్రితం వానలో అతని బస్సు బ్రేకు పడక వంతెన పక్కనుంచి జారి కాలవలోకి దిగింది. ఇరవై ఇద్దరు ప్రయాణికులను అతనూ కండక్టరూ కలిసి వెనక అద్దం పగలగొట్టి బయటికి తోశారు. అందరూ బతికారు. కండక్టరు మాత్రం రాలేదు. పంతొమ్మిదేళ్ళు ఇద్దరిదీ ఒకే బస్సు. ఇప్పుడు డ్రైవరు ముఖం కడుక్కోడు, తడిగుడ్డతో తుడుచుకుంటాడు. వాన మొదలైతే ఉన్నచోటే కూలబడతాడు. సోమవారంలోగా మళ్ళీ బస్సు నడుపుతాడో, డిపోలో తాళాలగది చూసుకుంటాడో తేల్చి రాసిమ్మన్నారు. నీళ్ళ మీద వెల్లకిలా పడుకోగలిగితే స్టీరింగు, లేకపోతే తాళాలు అని అతను తనకు తనే ఒట్టు పెట్టుకున్నాడు. స్టీరింగు ముందు కూర్చోవడం తప్ప ఆ మనిషికి ఇంకో సంతోషం తెలియదు.

"ఆ కుడికాలికి తేలే బెండు ఒకటి కట్టండి," అన్నాడు కోచ్. "అదే ఆయన్ని ముంచుతోంది. మీరు చెయ్యి కదిపితే చాలు, కాలు టక్కున కిందికి పోతుంది."

"చూశాను. ఆరు వారాల నుంచీ చూస్తున్నాను. కాలిని కట్టేస్తే ఎలాగండీ, దాని పని ఇంకా అవ్వలేదు."

కోచ్‌కి అర్థం కాలేదు. అర్థం కానప్పుడు అతను ఈల నోట్లో పెట్టుకుంటాడు. పెట్టుకుని వెళ్ళిపోయాడు.

చెప్పకుండా చెయ్యి తీస్తే మునిగిపోయే ఆ పదో మనిషి సంగతి ఆమెకు బాగా తెలుసు. ఆమెకు పదకొండేళ్ళు, తమ్ముడికి ఆరు. రేవు దాటించే పడవ తిరగబడింది. ఎడమ చంక కింద చెక్క, కుడిచేతిలో తమ్ముడి మణికట్టు. అంతే గుర్తు. ఒడ్డుకి లాగేసరికి కుడిచెయ్యి పిడికిలి బిగిసి ఉంది, అందులో ఎవరూ లేరు. పరుగెత్తుకొచ్చిన వాళ్ళమ్మ ఆ పిడికిలిని చూసి, "ఎందుకు వదిలేశావే?" అని అడిగింది. ఒక్కసారే అడిగింది. తర్వాత బతికినన్నాళ్ళూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తినా ఈమె దగ్గర జవాబు లేదు. వదిలినట్టు ఎంత వెతికినా గుర్తుకు రాదు.

పిడికిలి మాత్రం మళ్ళీ పూర్తిగా తెరుచుకోలేదు. పగలు బొటనవేలూ పక్కవేలూ పనిచేసేవి. నిద్రలో గోళ్ళు అరచేతిలో దిగేవి. పెళ్ళయింది, కూతురు పుట్టింది. ఆ చేత్తోనే కూతురికి జడలు వేసేది. అవి ఎప్పుడూ వంకరే. బళ్ళో అడిగినవాళ్ళకి అది కొత్త ఫ్యాషనని ఆ పిల్ల చెప్పేది.

చీపురు పట్టుకోవడానికి పిడికిలి చాలు కాబట్టి ఇక్కడ ఊడ్చే పనిలో చేరింది. కొలనుకి పది అడుగుల దూరం నుంచే ఊడ్చేది. అప్పుడు ఈ పని చేస్తున్న పెద్దాయన అది కనిపెట్టాడు. ఆయనేం సన్యాసి కాదు. మధ్యాహ్నం తువ్వాళ్ళ గుట్ట మీద గురకపెట్టి నిద్రపోయేవాడు. ఒకరోజు ఒక గిన్నెలో కొలను నీళ్ళు తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"చెయ్యి ముంచు. కళ్ళు మూసుకో. చెయ్యి ఎక్కడ అయిపోయిందో, నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో చెప్పు."

ఈయన నస వదిలించుకుందామని ముంచింది. మొదటివారం చెప్పగలిగింది. రెండోవారం ఒకరోజు ఎంత వెతికినా అంచు దొరక్క ఉలిక్కిపడి లేచింది.

"నా చెయ్యేదీ?"

"ఉన్నచోటే ఉంది. నువ్వు గీసుకున్న గీత పోయింది, అంతే."

"భయమేస్తోందండీ."

"వెయ్యనీ. ఎక్కడ వేస్తోంది?"

"పొట్టలో. మోకాళ్ళలో."

"పొట్టలో బిగింపు ఉంది, మోకాళ్ళలో వణుకు ఉంది. సరే. వాటి పక్కన కూర్చుని భయపడుతున్న ఆవిడ ఒకతి వేరేగా ఉందేమో చూడు. కనిపిస్తే నాకూ చూపించు."

ఊడుస్తూ వెతికింది, బట్టలుతుకుతూ వెతికింది. బిగింపు ఉంది, వణుకు ఉంది, కిటికీ వెలుతురు ఉంది, గొట్టంలో నీళ్ళ చప్పుడు ఉంది. ఇవన్నీ ఎవరికి తెలుస్తున్నాయో ఆవిడ మాత్రం ఎక్కడా విడిగా కూర్చుని లేదు. తెలియడం ఒక్కటే ఉంది, అన్నీ అందులోనే ఉన్నాయి. తరమకుండా చోటిస్తే, వచ్చిన వణుకు కాసేపు పెరిగి, దానంతటదే దిగిపోయేది. ఇందులో మంత్రమేదీ లేదు. రోజూ చెయ్యాలి, అంతే.

మూడో ఏడు ఆమె ఛాతీలోతు నీళ్ళలో నిలబడింది. "ఆ చేతిలో ఏముంది?" అన్నాడు పెద్దాయన. "ఏం లేదండీ." "నువ్వు చెప్పకు, దాన్ని అడుగు." కళ్ళు మూసుకుని చేతిలోకి వెళ్ళింది. ఉంది. చిన్న మణికట్టు, తడిగా, ఒక పక్క ఎముక తగులుతూ. చెయ్యి దాన్ని పట్టుకునే ఉంది. వదల్లేదు. పద్దెనిమిదేళ్ళుగా వదల్లేదు. తమ్ముడు పోయాడని ఇంట్లో అందరికీ తెలుసు, ఊరందరికీ తెలుసు, ఆ చేతికి మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆమె పైకే చెప్పింది. "వాడు వెళ్ళిపోయాడమ్మా. నువ్వు పట్టుకునే ఉన్నావు. ఇక చాలు."

ఒక్కో వేలూ తెరుచుకోవడానికి సాయంత్రమైంది. ఒళ్ళంతా వణికి ఆ అలలు నాలుగు గోడలకీ కొట్టుకున్నాయి. వెక్కివెక్కి ఏడ్చింది. జవాబు దొరికింది గానీ వినడానికి అప్పటికి వాళ్ళమ్మ లేదు. ఆ దుఃఖం అలాగే ఉంది, ఉండనిచ్చింది. మర్నాడు పొద్దున కూతురు అద్దంలో చూసుకుని, "అమ్మా, ఇది నా జడేనా?" అంది.

అప్పటి నుంచీ ఆమెకు ఒకటే నియమం. చెయ్యి తీసే ముందు చెప్పాలి. నీళ్ళలోనే కాదు, ఎక్కడైనా. గదిలోంచి వెళ్తుంటే చెప్తుంది, ఫోన్ పెట్టేస్తుంటే చెప్తుంది. పెద్దాయన పోతూ ఆమెకు ఈ థర్మామీటరు ఇచ్చాడు. చెక్క తొడుగులో గాజుగొట్టం, పైన తేలడానికి బెండుముక్క.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తియ్యగానే ఫోన్ మోగింది. కళ్ళద్దాల దుకాణం నుంచి కూతురు.

"డాక్టరు అసలేమన్నాడో నిజం చెప్పవే అమ్మా."

"గుండె పాతబడిందన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ నుంచీ వాడుతున్నాం, కొత్తగా ఎలా ఉంటుంది?"

"వేళాకోళాలొద్దు. వెంటనే ఆసుపత్రిలో చేరమన్నాడట కదా. ఇవాళ సెలవు పెడితే ఏం పోయేది?"

"సోమవారం చేరతానన్నానుగా. ఇవాళ డ్రైవరుగారికి ఆఖరి రోజు."

"నీకు కన్నకూతురి కంటే ఆ డ్రైవరే ఎక్కువ."

"నీకు ఈత వచ్చుగా," అంది. కూతురు నవ్వకుండా ఉండలేకపోయింది. "సరే, ఉంటానే, పెట్టేస్తున్నా."

నాలుగింటికి డ్రైవరు వచ్చాడు. భారీ మనిషి. మామూలుగా ఆపకుండా కబుర్లు చెబుతాడు, అవి అయిపోతే భయం బయటపడుతుందని. ఇవాళ నమస్కారం పెట్టి ఊరుకున్నాడు.

"పడుకోవద్దు. నీళ్ళలో ఆ రెండో మెట్టు మీద కూర్చోండి. రెండు చేతుల్తో కడ్డీలు పట్టుకోండి, గట్టిగా," అంది.

"వదలమంటారనుకున్నానే!"

"ఎవరన్నారు? పట్టుకోండి. ఇప్పుడు చెప్పండి, మీ కుడికాలు ఏం చేస్తోంది?"

"నా మాట వినట్లేదమ్మా అది."

"బ్రేకు తొక్కుతోంది."

అతని ముఖం పాలిపోయింది. కాలి వైపు చూస్తూ, "ఆ రోజు తొక్కాను. పడలేదు," అన్నాడు.

"తెలుసు. అందుకే ఇంకా తొక్కుతూనే ఉంది. ఇవాళ పూర్తిగా తొక్కనిద్దాం."

ఆమె అతని ఎదురుగా నీళ్ళలో నిలబడి, చాచిన కాలికింద, అరికాలికి తన కుడి అరచెయ్యి ఆనించింది. కోచ్ గట్టు మీదికి వచ్చి చప్పుడు చెయ్యకుండా నిలబడ్డాడు.

"మెల్లగా తొక్కండి. తొందరేం లేదు."

తొక్కాడు. కళ్ళు మూసుకున్నాడు. "వాన వినిపిస్తోంది," అన్నాడు.

"వినిపించనివ్వండి. ఇక్కడ గొట్టంలో నీళ్ళు పడుతున్నాయి, అది వినిపిస్తోందా?"

"ఆ."

"వానెక్కడ, గొట్టమెక్కడ?"

తల పక్కకి వంచి విన్నాడు. "రెండూ... ఒకచోటే వినిపిస్తున్నాయి."

"రెండింటికీ చోటు సరిపోతోందా?"

"సరిపోతోందమ్మా."

"మరింకేం. తొక్కండి."

ముప్పై ఏళ్ళు పెడలు తొక్కిన కాలు. ఆమె పాదాలు పలకల మీద జారబోయాయి, మళ్ళీ నిలదొక్కుకుంది. ఎడమ భుజంలో లాగింది. లాగుతోందని తెలిసింది, చెయ్యి తియ్యలేదు.

"ఆగిందా?"

"ఇంకా లేదు."

"తొక్కండి."

అతని మెడనరాలు ఉబ్బాయి. పళ్ళు బిగించి మూలిగాడు. తర్వాత కాలు ఒక్కసారి బరువు కోల్పోయింది.

"ఆగింది," అన్నాడు, నమ్మలేనట్టు. "ఆగిందమ్మా."

అప్పుడు మొదలైంది వణుకు. తొడలో మొదలై నడుముకి పాకి, దవడ టకటకలాడింది. కొలనంతా అలలు లేచాయి.

"ఆపుకోవద్దు. ఇంజను ఆపేటప్పుడు బండి ఊగదూ? అదే ఇది."

"వాడు రెండుసార్లు కొట్టాడమ్మా," అన్నాడు వణుకుతూనే. ఈ మాట ఆరు వారాల్లో ఎప్పుడూ చెప్పలేదు, ఇంట్లో కూడా చెప్పలేదు. "నేను బయటికొచ్చేశాను. మళ్ళీ లోపలికి దూకబోతుంటే పైరేకు మీద రెండుసార్లు కొట్టాడు. బండి పోనిమ్మనడానికి అలాగే కొడతాడు రోజూ. నేను వెనక్కి తిరిగాను. పోయాను. వాణ్ని వదిలేసి పోయాను."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, ఎలాగూ ముఖం తడిగానే ఉంది.

"చెప్పి పంపించాడు కదండీ," అంది. "వదిలెయ్యమని చెప్పి మరీ పంపించాడు."

ఆ పెద్ద మనిషి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. కోచ్ పక్కకి తిరిగి నిలబడ్డాడు. ఏడుపు తగ్గి, వణుకు సన్నగిల్లి, నీళ్ళు మళ్ళీ నున్నగా అయ్యేదాకా ఆమె ఎదురుగానే నిలబడి ఉంది. తర్వాత పక్కకి వచ్చి వీపు కింద చెయ్యి పెట్టింది. అతను తనే కడ్డీలు వదిలి వెనక్కి వాలాడు.

"చెయ్యి కిందే ఉంది," అంది. "ఇప్పుడు తీస్తున్నాను."

చెవులు నీళ్ళలో ఉన్నాయి, అయినా విన్నాడు. తలూపాడు.

"తీశాను."

కుడికాలు కదల్లేదు. రెండు పాదాల వేళ్ళూ నీళ్ళ పైకి వచ్చి నిలిచాయి. గోడగడియారంలో ఒక నిమిషం, రెండు, నాలుగు. అతను కళ్ళు తెరవకుండానే అన్నాడు:

"మరి నన్నెవరు పట్టుకున్నట్టు?"

"అది మీరే వెతుక్కోండి. నాకు బస్సు టైమైంది."

కోచ్ నవ్వాడు. నీళ్ళ మీద పడుకున్న డ్రైవరు పొట్ట కూడా నవ్వుకి ఊగింది, అయినా మునగలేదు.

ఆమె బట్టలు మార్చుకుని, బాయిలర్ ఆర్పి, దాని మీద ఓ దెబ్బ వేసి "వెళ్తున్నానే" అంది. గట్టు మీదికి వచ్చింది. "ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండండి, కోచ్‌గారుంటారు. లేచేటప్పుడు ఆ థర్మామీటరు తీసి, తుడిచి, మేకుకి తగిలించండి. నేను వెళ్తున్నానండీ." డ్రైవరు నీళ్ళలోంచే చెయ్యెత్తాడు. గేటు దగ్గర టికెట్లావిడ ఎప్పటిలాగే కోప్పడింది.

"వెళ్తున్నా ఏంటమ్మా? వెళ్ళొస్తానని అనాలి. ఎన్నేళ్ళు చెప్పాలి మీకు?"

"రావడం సంగతి వచ్చాక చెప్తాలే," అంది గోరువెచ్చమ్మ.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎండ ఇంకా ఉంది. మూడో స్టాపు దాటాక భుజంలో మళ్ళీ లాగింది, ఈసారి ఛాతీలోకి. బిగింపు ఉంది. కిటికీ అద్దం గడగడలాడుతోంది. ముందు సీట్లో ఎవరో నవ్వుతున్నారు. అన్నీ ఒకచోటే ఉన్నాయి, చోటు సరిపోతోంది. ఇవన్నీ ఎవరికి జరుగుతున్నాయో ఆవిడ కోసం పాత అలవాటుగా ఒకసారి వెతికింది. ఎప్పటిలాగే దొరకలేదు.

ఆఖరి స్టాపులో ఆమె నిద్రపోతోందనుకుని కండక్టరు పిలిచాడు. తల కిటికీకి ఆనించి ఉంది. ఒళ్ళో సంచి, సంచి మీద కుడిచెయ్యి వెల్లకిలా, వేళ్ళన్నీ తెరుచుకుని ఉన్నాయి.

మర్నాడు ఏడింటికి డ్రైవరు రాతకాగితం జేబులో పెట్టుకుని వచ్చాడు. స్టీరింగే అని ఆమెకు చూపించాక డిపోలో ఇద్దామని. ముఖం కడుక్కుని వచ్చాడు, కనుబొమలు ఇంకా తడిగానే ఉన్నాయి. కోచ్ గేటు దగ్గరే ఎదురై చెప్పాడు. డ్రైవరు అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. "చెప్పే వెళ్ళిందండీ," అన్నాడు.

"అందరికీ చెప్పింది," అన్నాడు కోచ్. "బాయిలర్‌కి కూడా."

ఇద్దరూ చిన్న కొలను దగ్గరకి వెళ్ళారు. తొమ్మిదింటికి మోకాళ్ళవాళ్ళు వస్తారు. కోచ్ బాయిలర్ గదిలో తడుముకుని వెలిగించి, చక్రం తిప్పాడు, ఎంత తిప్పాలో తెలియక కొంచెం కొంచెంగా. గొట్టాలు గొణిగాయి. నీళ్ళు వెచ్చబడుతుండగా చూశాడు డ్రైవరు, నిన్న తను మర్చిపోయిన పని. వంగాడు గానీ, తియ్యడానికి చెయ్యి రాలేదు. మెట్ల పక్కన, కడ్డీకి ఆమె చుట్టిన రెండు చుట్ల తాడు చివర, థర్మామీటరు నీళ్ళ మీద మెల్లగా ఊగుతోంది. అందులో ఎర్రగీత ముప్పై మూడు దాటింది.